కర్మశాలనుండి కళాశాలకు



మన తెలుగునాట ఒక వాడుక కలదు. "పదవ తరగతి ముగిసినది గదా, పిల్లవానిని ఏమి చేసితిరి?" అని పొరుగువారు అడిగినప్పుడు కొందఱు తండ్రులు "చదువు మానిపించి పనిలో పెట్టితిమి" అని బదులు చెప్పుదురు. ముప్పదిమూడు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా పనిచేసిన నేను ఈ మాటను ప్రతి వేసవిలోను వినుచు వచ్చితిని. చెప్పునప్పుడు వారి కంఠమున కొంత సంకోచము, కొంత విచారము ధ్వనించుచుండెడివి. భాష బోధించినవాడను గావున నా దృష్టి ఆ వాక్యపు కూర్పుపైకి పోవుచుండెను. "మానిపించి" యనునది క్త్వార్థకము. ఒక పని ముగిసిన పిదపనే వేఱొక పని మొదలగునని క్త్వార్థకము తెలుపును. అనగా చదువు ముగిసినగాని పని ఆరంభము కాదని ఆ తండ్రి నమ్మకము. ఆ నమ్మకము అతనియొక్కనిది కాదు, మన సంఘమంతటిది.

నేడు నేను మనవి చేయబోవునది ఇది: చేతిపని శిష్యరికము చదువునకు ముగింపు కానక్కఱలేదు, అది పైచదువునకు ఒక దారి కాగలదు. కొన్ని దేశములు అట్లు చేసి చూపినవి. మన దేశమునను ఆ దారికి కొన్ని మెట్లు కట్టబడినవి, కొన్ని మెట్లు ఇంకను లేవు. మెట్టు లేనిచోట జారిపడువారు మన పిల్లలే కావున ఈ విషయము విచారింపదగినది.

శిష్యరికమను మాట మనకు క్రొత్తది కాదు. నారదస్మృతియందును యాజ్ఞవల్క్యస్మృతియందును పని నేర్చుకొను బాలునకు "అంతేవాసి" యని పేరు. గురువునకు సమీపమున వసించువాడని దాని యర్థము. ఉపనిషత్తులలో వేదము చదువు శిష్యునకును ఈ పేరే వాడబడినది. పేరులోనైనను మన పూర్వులు ఇరువురిని ఒక్క పీటపై కూర్చుండబెట్టిరి. నారదుడు ఈ అంతేవాసిని గూర్చి కొన్ని నియమములు చెప్పినాడు. బాలుడు తన బంధువుల అనుమతి గొని గురువుకడ చేరవలెను. ఎంతకాలము ఉండవలెనో ముందుగనే నిర్ణయించుకొనవలెను. గురువు తన యింట అన్నము పెట్టి నేర్పవలెను. నేర్పవలసిన పని విడిచి వేఱు పని చేయింపరాదు. కన్నకొడుకువలె చూడవలెను. శిష్యుడు విద్యను గడువునకు ముందే పట్టుకొన్నను, గడువు తీఱువఱకు గురుగృహముననే యుండి తన పనివలన వచ్చు ఫలమును గురువునకు ఈయవలెనని యాజ్ఞవల్క్యుడు విధించినాడు. ఒప్పందము, గడువు, భోజనము, బోధన, ఉభయుల బాధ్యత - నేటి చట్టములు పలుకు మాటలలో పెక్కింటికి మూలము ఇందు కనబడుచున్నది.

ఐనను ఆ ధర్మమునందలి లోపమును దాచుట పండితునకు తగదు. కమ్మరికడ చేరినవాడు కమ్మరిగనే వెలువడెను. కొలిమినుండి పాఠశాలకు పోవు ద్వారము లేదు. శాస్త్రము చదువు కులమొకటి, శిల్పము చేయు కులమొకటి యని ఏర్పడిన పిదప, చేయి యెఱిగినది నోటికి తెలియలేదు. నోరు వల్లించినది చేతికి రాలేదు. ఇరువుర విద్యయు కుంటుపడెను. "చదువు మానిపించి" యను క్త్వార్థకమునకు వేరులు అచ్చటనే కలవని నా యభిప్రాయము.

ఈ లోపము మన దేశమునకే పరిమితము కాదు. ఇంగ్లండులో 1563లో చేసిన చట్టమొకటి, చేతిపని చేయగోరువాడు ఏడేండ్లు శిష్యరికము చేసితీరవలెనని శాసించెను. అందలి శిష్యరికపు నిబంధనలు 1814లో రద్దగువఱకు, అనగా ఇంచుమించు రెండున్నర శతాబ్దములు, ఆ పద్ధతి నిలిచెను. అందులోను పనినుండి విశ్వవిద్యాలయమునకు దారి లేదు. ఆ కాలపు శిష్యులలో ఒక్కనిని గూర్చి చెప్పెదను. వాని కథ ఉత్సాహమును కలిగించును, భయమును కూడ కలిగించును.

మైకేల్ ఫారడే 1791లో ఒక కమ్మరి యింట జన్మించెను. 1805లో, పదునాలుగవ యేట, లండను నగరమున రీబో అను పుస్తకముల బైండరుకడ ఏడేండ్ల శిష్యరికమునకు కుదిరెను. పగలు పుస్తకములు కుట్టి అట్టలు వేయుట, పని తీఱిన పిదప ఆ పుస్తకములనే చదువుట అతని దినచర్య. బైండింగునకు వచ్చిన విజ్ఞానసర్వస్వములో విద్యుత్తును గూర్చిన వ్యాసము చదివెను. జేన్ మార్సెట్ అను విదుషీమణి సంభాషణరూపమున వ్రాసిన రసాయనశాస్త్ర గ్రంథము చదివెను. 1812లో ఆ అంగడికి వచ్చు పెద్దమనిషి యొకడు రాయల్ ఇన్‌స్టిట్యూషనులో హంఫ్రీ డేవీ ఇచ్చు ఉపన్యాసములకు టిక్కెట్లు ఇప్పించెను. ఫారడే నాలుగు ఉపన్యాసములు విని, విన్నదంతయు వ్రాసికొని, బొమ్మలు గీసి, ఇంచుమించు మూడువందల పుటల గ్రంథముగా తానే బైండు చేసి డేవీకి పంపెను. తాను నేర్చిన చేతిపనియే విద్యాద్వారమున అతని విన్నపపత్రమైనది. 1813 మార్చి 1వ తేదీన అతడు ఆ సంస్థలో ప్రయోగశాల సహాయకుడుగా నియుక్తుడయ్యెను. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణమును కనుగొనెను. 1832లో, తాను ఎన్నడును చదువుకొనని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము అతనికి గౌరవ పట్టమిచ్చెను. 1833లో రాయల్ ఇన్‌స్టిట్యూషనులోనే ఆచార్యుడయ్యెను.

ఇంతవఱకు ఉత్సాహము. ఇక భయమన్నమాట యేమి? ఆ ద్వారము ఎట్లు తెఱచుకొన్నదో చూడుడు. ఒక ఖాతాదారు దయ దలచి టిక్కెట్లు ఇప్పించెను. డేవీకి ప్రయోగమున ప్రేలుడు సంభవించి కన్నులు దెబ్బతిని వ్రాయసకాడు కావలసివచ్చెను. అచట నున్న సహాయకుడు కలహమాడి ఉద్యోగము పోగొట్టుకొనెను. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినను ఫారడే జీవితాంతము అట్టలు అంటించుచు ఉండెడివాడేమో! అతని ప్రతిభ ప్రతిభయే. కాని అతడు ఎక్కినది మెట్లు కాదు, అదృష్టమను త్రాడు. అట్టి త్రాడు చేతికందక ఆ అంగళ్లలోనే వయసు చెల్లినవారు ఎందఱో లెక్కించువారు ఎవరు?

త్రాడునకు మాఱుగా మెట్లు కట్టవలెనని తలచినవారిలో జార్జి బర్క్‌బెక్ అను వైద్యుడొకడు. గ్లాస్గో నగరమున యంత్రపు పనివాండ్రకు ఉపన్యాసములిచ్చిన యీ మహనీయుడు 1823లో లండనులో మెకానిక్సు ఇన్‌స్టిట్యూటు స్థాపించుటకు ముందు నిలిచెను. పగలు పనిచేయువారు సాయంకాలము వచ్చి చదువుకొను శాల అది. 1920లో ఆ సంస్థ లండను విశ్వవిద్యాలయమున చేరి, నేటికిని బర్క్‌బెక్ పేర సాయంకాలపు తరగతులకు ప్రసిద్ధమై యున్నది. ఆ తలపే పెరిగి 2015లో ఇంగ్లండున "డిగ్రీ అప్రెంటిసుషిప్పు" అను ఏర్పాటైనది. అందు చేరిన యువకుడు సంస్థలో జీతమునకు పనిచేయుచు, విశ్వవిద్యాలయమున పట్టమునకు చదువును. చదువుల రుసుము అతడు చెల్లింపనక్కఱలేదు.

ఐనను మెట్లను వరుసగా, అందఱికిని అందునట్లు కట్టిన దేశమును చూడగోరినచో స్విట్జర్లాండును చూడవలెను. అచట నిర్బంధవిద్య ముగించిన యువజనులలో ఇంచుమించు మూడింట రెండువంతులు వృత్తిశిక్షణలో చేరుదురు. వారిలో అధికులు వారమున మూడు నాలుగు దినములు కర్మాగారముననో కార్యాలయముననో పని నేర్తురు. ఒకటి రెండు దినములు పాఠశాలకు పోవుదురు. అచట భాష, గణితము, సంఘశాస్త్రము, తమ వృత్తికి సంబంధించిన శాస్త్రము చదువుదురు. 1994నుండి వృత్తి చదువుతో కూడ "వృత్తి మెట్రిక్యులేషను" అనదగిన పరీక్ష ఏర్పడినది. దానిని గెలిచినవాడు తన శాఖకు చెందిన అనువర్తిత శాస్త్రముల విశ్వవిద్యాలయమున చేరవచ్చును. ఆ విశ్వవిద్యాలయములకు 1995లో శాసనము చేసిరి. 2005నుండి మఱియొక పరీక్షద్వారా తక్కిన విశ్వవిద్యాలయములకును వంతెన వేసిరి. అచటి వడ్రంగి శిష్యుడు ఆచార్యుడు కావలెనన్న అదృష్టముకొఱకు ఎదురుచూడనక్కఱలేదు. ఏ పరీక్ష వ్రాయవలెనో తెలిసికొన్న చాలును.

ఇక మన దేశమునకు వత్తము. శిష్యరికమును ఉన్నతవిద్యతో కలిపిన గొప్ప ప్రయత్నము మన దేశముననే జరిగినదని పెక్కుమంది యెఱుగరు. బీహారులోని జమాల్పూరున 1862లో రైల్వే కర్మశాల నెలకొన్నది. 1888లో అచట సాంకేతిక పాఠశాల వెలసినది. 1927నుండి "స్పెషల్ క్లాస్ రైల్వే అప్రెంటిసులు" అను పేర యువకులను పోటీపరీక్షద్వారా ఎన్నుకొని, నాలుగేండ్లు కర్మశాలలో పనియు, తరగతిలో ఇంజనీరింగును కలిపి నేర్పిరి. ఇంజన్ల నడుమ నూనెచేతులతో నిలిచిన ఆ బాలురు రైల్వేల యాంత్రిక శాఖలో ఉన్నతాధికారులైరి. ఆ ప్రవేశపరీక్ష 2015తో ఆగిపోయినది. అది మేలైన మార్గమే, కాని మిక్కిలి ఇఱుకైనది. దేశమంతటినుండి ఏటేట చేరినవారు కొలదిమందియే.

అందఱికొఱకు చేసినది 1961వ సంవత్సరపు అప్రెంటిసుల చట్టము. మొదట అది ఫిట్టరు, టర్నరు, ఎలక్ట్రీషియను మున్నగు పనులు నేర్చువారికై ఏర్పడి, 1973లో పట్టభద్రులకును డిప్లొమా పొందినవారికిని, 1986లో వృత్తివిద్య చదివిన విద్యార్థులకును విస్తరించినది. 2019లో సవరించిన నియమముల ప్రకారము ముప్పదిమంది లేక అంతకు మించి పనివారుగల ప్రతి సంస్థయు, తన పనివారి సంఖ్యలో నూటికి రెండున్నర మొదలు పదునైదు వఱకు అప్రెంటిసులను చేర్చుకొనవలెను. నెలకు ఈయవలసిన కనీస భృతిని చదువునుబట్టి 5,000 మొదలు 9,000 రూపాయలుగా అప్పుడు నిర్ణయించిరి.

ఈ చట్టమున పదియవ విభాగమునందు ఒక చక్కని మాట కలదు. పని నేర్చువానికి ఆ పనికి సంబంధించిన శాస్త్రబోధ జరుగవలెను. ఆ తరగతులలో అతడు గడపిన కాలమును వేతనముతో కూడిన పనికాలముగనే లెక్కింపవలెను. అనగా బోధవిన్న గంటయు పనిచేసిన గంటయు సమానమని శాసనమే చెప్పినది. నేను మొదట చెప్పిన క్త్వార్థకమును ఈ నిబంధన కొట్టివేయుచున్నది. వ్యాకరణమున "చదువుచు" అనునది శత్రర్థకము. రెండు క్రియలు ఏకకాలమున సాగునని అది తెలుపును. చట్టము శత్రర్థకమును పలికినది. లోకము ఇంకను క్త్వార్థకముననే యున్నది.

మన రెండు తెలుగు రాష్ట్రములలో నేడున్న మెట్లను వరుసగా చెప్పెదను. వినువారిలో తలిదండ్రులు ఉన్నచో గుర్తుంచుకొనగలరు. పదవ తరగతి పిదప పిల్లవాడో పిల్లయో ఐ.టి.ఐ.లో చేరి రెండేండ్లు ఒక వృత్తి నేర్చుకొనవచ్చును. ఆ పిదప కర్మాగారమున అప్రెంటిసుగా ఉండి, పరీక్ష నిచ్చి, జాతీయ అప్రెంటిసు ధ్రువపత్రము పొందవచ్చును. ఐ.టి.ఐ. చదివి తగిన అర్హత గలవారికి పాలిటెక్నిక్కు డిప్లొమాలో రెండవ సంవత్సరమున నేరుగా చేరు ప్రక్కదారి కలదు. డిప్లొమా ముగించినవారు ఈసెట్ అను ప్రవేశపరీక్ష వ్రాసి బి.టెక్. రెండవ సంవత్సరమున చేరవచ్చును. ఇంటర్మీడియట్ త్రోవన పోనివాడు ఇంజనీరు కాలేడను మాట నిజము కాదు. రాజమార్గము ఒకటి కలదు, ప్రక్కదారియు ఒకటి కలదు. రెండును ఒకే ఊరికి చేరును.

దారి ఉన్నదనుట ఒకటి, నడచుట యొకటి. నా శిష్యులిద్దఱి సంగతి చెప్పిన అది తెలియగలదు. వారి పేర్లు చెప్పను. ఇద్దఱును ఒకే తరగతివారు, ఒకే ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చినవారు, ఒకే కర్మాగారమున అప్రెంటిసులుగా చేరినవారు. మొదటి మూడు నెలలు వారిచేత తేనీరు మోయించిరి, చీపుళ్లు పట్టించిరి. వేఱు పని చేయింపరాదన్న నారదుని మాట అచట వినినవారు లేరు. పిదప ఒక ముదుసలి కార్మికుడు వారిని చేరదీసి, మైక్రోమీటరు పట్టుట, ఆకురాయి సమముగా నడుపుట, యంత్రము చప్పుడునుబట్టి దాని రోగమెఱుగుట నేర్పెను. తరగతి బోధ మాత్రము కాగితముపైననే జరిగినది.

ఇద్దఱిలో మొదటివాడు బండ్లు చేయు కమ్మరి కుమారుడు. వాడు డిప్లొమా రెండవ సంవత్సరమున చేరి, ఆ యేడే గణితమునను మఱియొక పాఠమునను తప్పెను. తక్కినవారు మొదటి సంవత్సరమున చదివిన త్రికోణమితి వీడు చదువలేదు. పుస్తకములు ఇంగ్లీషున నుండెను. వస్తువు వానికి తెలియును, దాని పేరు తెలియదు. ఆదివారము నాకడకు వచ్చి "అయ్యవారూ, ఇక మానుకొందును" అనెను. నేను తెలుగు పండితుడను. నాకు గణితము రాదు. నాతోటి ఉపాధ్యాయులొకరు, లెక్కలు చెప్పినవారు, అప్పటికి విశ్రాంతి గొనియుండిరి. వారి యింటికి వానిని తీసికొనిపోతిని. వారు పలకపై త్రికోణమితి మొదలుపెట్టలేదు. "మీ నాయన బండిచక్రమునకు ఇనుపపట్టా ఎట్లు బిగించును?" అని యడిగిరి. పట్టాను చక్రముకంటె రవ్వంత చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి, అది పెరిగిన పిదప చక్రమునకు తొడిగి, నీళ్లు పోసినచో బిగియునని వాడు గడగడ చెప్పెను. అంతట వారు లెక్క వేసి చూపిరి: అయిదు మీటర్ల చుట్టుకొలత గల ఇనుపపట్టాను అయిదువందల డిగ్రీలు వేడిచేసినచో అది మూడు సెంటీమీటర్లు పెరుగును. "పుస్తకములో ఉష్ణవ్యాకోచమని వ్రాసినది మీ నాయన పెరటిలో జరుగునదే" అనిరి. వాని ముఖమున వెలుగు నేను చూచితిని. ఏడాదిపాటు ఆదివారములు ఆ గురువుగారు రుసుము గొనక చెప్పిరి. నేను నిఘంటువు ముందు పెట్టుకొని వానికి మాటల యర్థములు చెప్పితిని. వాడు డిప్లొమా గెలిచెను, ఈసెట్ వ్రాసెను, బి.టెక్. ముగించెను. నేడు ఒక పాలిటెక్నిక్కులో బోధించుచున్నాడు.

రెండవవాని చేయి మొదటివాని చేతికన్న మేలైనది. ఆ ముదుసలి కార్మికుడే నాతో ఆ మాట చెప్పెను. కాని వాని తండ్రి మరణించెను. ఇంట ఇద్దఱు చెల్లెండ్రు. అప్రెంటిసు భృతి గడువుతో నిలిచిపోయినది. డిప్లొమాకు పోయినచో రెండేండ్లు ఇంటికి రూపాయి రాదు. వాడు దొరికిన కూలికి పోయెను. ఇప్పుడును అప్పుడప్పుడు కనిపించి నమస్కరించును. వాని కుమారుని చదువు సంగతి అడుగును, తన సంగతి మాటాడడు.

ఇద్దఱికిని భేదము బుద్ధిలో లేదు, శ్రద్ధలో లేదు. ఒకనికి ఆదివారపు గురువు దొరకెను, ఇంట తినుటకు ఉండెను. రెండవవానికి అవి లేవు. అనగా ఫారడేకాలము గడచి రెండువందల యేండ్లైనను, మన పిల్లలు ఇంకను అదృష్టమను త్రాడునే పట్టుకొని ప్రాకుచున్నారు. ప్రక్కదారి యున్నది, కాని దానిలో మూడుచోట్ల మెట్లు విఱిగియున్నవి.

మొదటి విఱుగు గణితము, భాష. ప్రక్కదారిని వచ్చిన విద్యార్థికి తరగతులు మొదలగుటకు ముందే కొన్నివారములు ఆ రెండింటిని నేర్పు వారధి పాఠములు శ్రద్ధతో నడుపవలెను. వానికి తెలిసిన వస్తువునుండి తెలియని సూత్రమునకు తీసికొనిపోవు ఉపాధ్యాయుడు కావలెను. ఇది దయ కాదు, బోధనపద్ధతి.

రెండవది కూడు. చదువుచున్న కాలమునను కొంత సంపాదన ఉండునట్లు సాయంకాలపు డిప్లొమాలు, వారమున కొన్ని దినములు పని కొన్ని దినములు చదువు గల తరగతులు పారిశ్రామిక పట్టణములందు పెరుగవలెను. ఆడపిల్లల విషయమున దీనికి తోడు వసతియు, రాత్రివేళ ప్రయాణసౌకర్యమును చూడవలెను. లేనిచో ఈ దారి సగముమందికి మూసియున్నట్లే.

మూడవది లెక్క. కర్మశాలలో గడపిన సంవత్సరమునకు విద్యాలయపు పుస్తకములో విలువ యుండవలెను. ఇందులో శుభసూచనలు లేకపోలేదు. 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానము వృత్తివిద్యకును సామాన్యవిద్యకును నడుమ గోడ ఉండరాదని చెప్పినది. ఆ యేడే విశ్వవిద్యాలయ నిధుల సంఘము, పట్టపు చదువులోనే అప్రెంటిసుతనమును చేర్చుటకు మార్గదర్శక సూత్రములు వెలువరించినది. 2025లో వానిని మరల క్రొత్తగా రూపొందించినది. 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ విధానమున సంవత్సరమునకు 1,200 గంటల అభ్యాసమునకు 40 క్రెడిట్లని ఒక కొలత ఏర్పడినది. తరగతిలో కూర్చున్న గంటలేకాక, పనిలో నేర్చుకొన్న గంటలును పరీక్షకు నిలిచినచో ఈ కొలతలోనికి రావచ్చును. కొలపాత్ర దొరకినది. ఇక ధాన్యము కొలుచుట కళాశాలల వంతు. ప్రతి పాలిటెక్నిక్కును, ప్రతి విశ్వవిద్యాలయమును "ఈ అప్రెంటిసు ధ్రువపత్రమునకు మాకడ ఇన్ని క్రెడిట్లు" అని వ్రాతమూలకముగ ప్రకటించిననాడే ఆ విధానము పల్లెటూరి పిల్లవానికి ఉపయోగపడును.

ఇచట ఒక ఆక్షేపణ వినవచ్చును. పనివాండ్రందఱును పట్టములకై పోయినచో పని చేయువారెవరు? దీనికి నా సమాధానము ఇది. ద్వారము తెఱచియున్నంతమాత్రమున అందఱును లోనికి పోరు. కాని వెలుపల నిలిచినవాడు తన యిష్టమున నిలిచినవాడగును, త్రోసివేయబడినవాడు కాడు. ఆ గౌరవము లేకనే గదా నేడు తెలివిగల పిల్లలను పనిలో పెట్టుటకు తలిదండ్రులు వెనుకాడుచున్నారు! ముందు దారి మూసికొనిపోదని తెలిసినచో పనిలో చేరువారు పెరుగుదురేకాని తఱుగరు. మఱియు ఇనుము వేడిని చేతితో ఎఱిగినవాడు తరగతిలో కూర్చుండినచో లాభము వానికే కాదు. పుస్తకముననే ఇనుమును చూచిన అతని ప్రక్కవానికిని, బోధించు గురువునకును లాభమే.

కడపట తలిదండ్రులకు రెండు మూడు మాటలు. పిల్లవానిని ఏ కర్మాగారముననైన చేర్చుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుడు. ఒప్పందము అప్రెంటిసుల చట్టము క్రింద నమోదైనదా? వారమున శాస్త్రబోధ ఎన్ని గంటలు, ఎచ్చట, ఎవరు చెప్పుదురు? ముగిసిన పిదప చేతికి వచ్చు ధ్రువపత్రముతో ఏ చదువున చేరవచ్చును? మొదటి ప్రశ్నకు కాగితమును, రెండవదానికి సమయపట్టికను, మూడవదానికి కళాశాల పేరును చూపగోరుడు. చూపినచోట నిశ్చింతగా చేర్పుడు. నావలె విశ్రాంతి గొన్న ఉపాధ్యాయులకును ఒక మనవి. మీ యూరి ఐ.టి.ఐ. పిల్లలలో ఒక్కనికి వారమున ఒక గంట లెక్కలో, ఇంగ్లీషో చెప్పుడు. ప్రభుత్వము మెట్టు కట్టువఱకు మన భుజము మెట్టు కావచ్చును.